నూట రెండు పరికరాలు, నూట రెండు ఫైళ్ళు: ఏ సంగతి ఎక్కడ రాయాలి?

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటూ, విశాఖపట్నం, అనకాపల్లి పరిసరాల్లో 34 శాఖలున్న ఒక ప్రైవేటు సంస్థలో నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ప్రతి శాఖలోనూ ఒక రౌటరు, రెండు స్విచ్‌లు ఉన్నాయి. ఏడాది క్రితం ఆన్సిబుల్ (చాలా పరికరాలకు ఒకేసారి కాన్ఫిగరేషన్ పంపే సాధనం) నేర్చుకుని, కాన్ఫిగరేషన్లను టెంప్లేట్ల (విలువలు నింపడానికి ఖాళీలు వదిలిన నమూనాల) ద్వారా పంపడం మొదలుపెట్టాను. పరికరానికొక ఫైలు చొప్పున, ఒక్కో పరికరం (హోస్టు) విలువలు ఉండే హోస్ట్ వార్స్ ఫోల్డరులో ఇప్పుడు 102 ఫైళ్ళున్నాయి. ఒక్కొక్కటీ దాదాపు రెండు వందల పంక్తులు. గత నెలలో, పరికరాల గడియారాలకు సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వరు చిరునామా మారితే అన్నీ తెరిచి మార్చవలసి వచ్చింది, అయినా ఆరు ఫైళ్ళు తప్పిపోయాయి. మా సీనియర్లలో ఒకరు అంతా గ్రూప్ వార్స్‌లోకి (పరికరాల గుంపుకు ఉమ్మడి విలువలుండే ఫోల్డరులోకి) తెచ్చేయమంటున్నారు. మరొకరు ఈ ఫైళ్ళ గొడవే వద్దు, ఒక ఎక్సెల్ షీటులో పెట్టి అక్కడి నుంచి చదివించమంటున్నారు. ఎవరి మాట వినాలి? పరికరాలకు పేర్లు సీరియల్ నంబరుతో పెట్టాలా, ఊరి పేరుతో పెట్టాలా అన్నది కూడా చెప్పగలరు.
ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీ సీనియర్లిద్దరూ సామాను ఏ గదిలో పెట్టాలో చెబుతున్నారు. ఆ సామానులో ఏది ఎవరిదో ముందుగా తేల్చుకోకపోతే, గ్రూప్ వార్స్‌కు మార్చినా ఎక్సెల్‌కు మార్చినా వచ్చే ఏడాది మీరు ఇదే ఉత్తరం నాకు మళ్ళీ రాయవలసి వస్తుంది. ఎన్‌టీపీ సర్వరు చిరునామా, ఉదాహరణకు, మీ పెందుర్తి శాఖ స్విచ్‌కు సంబంధించిన సంగతి కాదు, మీ సంస్థ మొత్తానికి సంబంధించినది. ఇంటిపేరు ఇంటిది, పేరు మనిషిది అని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ మీ ఫోల్డరులో నూట రెండు మందీ తమ ఇంటిపేరును ఎవరికి వారే రాసుకుని కూర్చున్నారు. అందుకే అది మారిన రోజున ఆరుగురు పాత ఇంటిపేరుతోనే మిగిలిపోయారు.

కాబట్టి కంప్యూటరు ముందు కూర్చోక ముందు ఒక పని చేయండి. పెందుర్తి శాఖలోని మొదటి స్విచ్ ఫైలును కాగితం మీద అచ్చు తీసి, పెన్సిలు పట్టుకుని, ప్రతి పంక్తి పక్కనా ఒక గుర్తు పెట్టండి. సంస్థ అంతటికీ ఒకటే అయితే ఒక గుర్తు, ఆ శాఖకు చెందినదైతే ఒకటి, రౌటరు కాబట్టి లేదా స్విచ్ కాబట్టి ఉన్నదైతే మరొకటి, ఫలానా కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి ఉన్నదైతే ఇంకొకటి, ఇవేవీ కాక ఆ ఒక్క పరికరానికే పరిమితమైతే ఆఖరి గుర్తు. నేను ఇలా గుర్తులు పెట్టిన ఫైళ్ళలో ఆఖరి గుర్తు ఇరవై పంక్తులకు మించి పడిన సందర్భం అరుదు. మిగిలిన నూట ఎనభై పంక్తులూ ఆ ఫైలులో అద్దెకున్నవే.

గుర్తు పెట్టేటప్పుడు సందేహం వస్తే, ఆ పరికరాన్ని మనసులోనే ర్యాకు నుంచి పీకేసి చూడండి. ఇంటర్నెట్ లైను ఇచ్చిన కంపెనీ సర్క్యూట్ నంబరును మీరు తప్పకుండా రౌటరు ఫైలులో రాసి ఉంటారు, ఎందుకంటే ఆ లైను వచ్చి చేరేది రౌటరుకే. కానీ రౌటరును పీకేసినా ఆ సర్క్యూట్ అక్కడే ఉంటుంది, బిల్లు వస్తూనే ఉంటుంది. కనుక అది శాఖది. శాఖ చిరునామా, అక్కడి సబ్‌నెట్లు (చిరునామాల గుంపులు), అక్కడ ఎన్ని వీలాన్లు (ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు) నడుస్తున్నాయన్నదీ అంతే. సిస్లాగ్ సర్వరు (పరికరాల సందేశాలు చేరే చోటు), ఎన్‌టీపీ, డీఎన్‌ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చేది), లాగిన్ బ్యానరు సంస్థవి. యాక్సెస్ పోర్టుల (కంప్యూటర్లు తగిలించే పోర్టుల) మీద స్పానింగ్ ట్రీ (నెట్‌వర్కులో వలయం పడకుండా చూసే ఏర్పాటు) ఎలా ఉండాలన్నది స్విచ్ అనే పాత్రది. ఆన్సిబుల్ ఏ రకం కనెక్షన్‌తో ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడాలన్నది పరికరం రకానిది. స్విచ్‌ను పీకేస్తే దానితోపాటు అర్థం కోల్పోయే సంగతులు మాత్రమే దాని ఫైలులో ఉండాలి. అవేమిటంటే, మేనేజ్‌మెంట్ చిరునామా (దూరం నుంచి ఆ పరికరంలోకి వెళ్ళడానికి వాడేది), పై స్విచ్‌కు వెళ్ళే అప్‌లింక్ ఏ పోర్టులో ఉందో, ఏ పోర్టులో ఏ గోడ సాకెట్టు వైరు ఉందో, అంతే.

ఆ చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసులో కిటికీ అద్దాలు పగిలి, పై అంతస్తు ర్యాకులోకి నీళ్ళు వచ్చాయి. కొత్త స్విచ్ తెచ్చుకోవడం పెద్ద పని కాలేదు. వీలాన్లు, రౌటింగు ఎలా ఉండేవో మాకందరికీ గుర్తే. ఏ పోర్టు ఏ టేబులుదో మాత్రం ఎవరికీ గుర్తు లేదు, అది ఆ తడిసిన స్విచ్‌లోనే ఉంది. రెండు రోజులపాటు ఒకరు ర్యాకు దగ్గర, ఒకరు టేబుళ్ళ కింద, ఫోన్లలో అరుచుకుంటూ వైర్లు గుర్తుపట్టాము.

ఇలా గుర్తులు పెట్టిన తరువాత మీ పెందుర్తి స్విచ్ ఫైలు ఇంతకు కుదించుకుపోతుంది. అసలు ఫైలులో ఇంగ్లీషులో ఉండే పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను.

    మేనేజ్‌మెంట్_చిరునామా: 10.14.99.2
    అప్‌లింక్_పోర్టు: "గిగాబిట్ఈథర్నెట్1/0/24"
    అదనపు_వీలాన్లు: [60]
    పోర్టులు:
      - పోర్టు: "గిగాబిట్ఈథర్నెట్1/0/7"
        వివరం: "బిల్లింగ్ కౌంటరు 2, సాకెట్ బి-11"
        వీలాన్: 30

పెందుర్తి అనే గ్రూపు ఫైలులో ఇంకా తక్కువ ఉంటుంది: శాఖ సంఖ్య 14, శాఖ పేరు, సర్క్యూట్ నంబరు, అక్కడ నడిచే వీలాన్ల జాబితా. మీ ఉత్తరంలో గ్రూపుల ప్రస్తావన సీనియర్ మాటల్లో తప్ప ఎక్కడా లేదు గనుక, మీకు ఇప్పటిదాకా శాఖ స్థాయి గ్రూపులు లేవనే అనుకుంటున్నాను. అసలు లోటు అదే. సంస్థకూ పరికరానికీ మధ్య ఉండవలసిన మెట్టు లేకపోవడం వల్లనే శాఖ సంగతులన్నీ మూడేసి ఫైళ్ళలోకి దిగిపోయాయి. ఇన్వెంటరీలో (ఆన్సిబుల్‌కు ఇచ్చే పరికరాల జాబితాలో) ప్రతి పరికరమూ మూడు గ్రూపుల్లో సభ్యురాలు కావాలి: ఒకటి శాఖ, ఒకటి పాత్ర, ఒకటి రకం. గ్రూపుల పేర్లలో హైఫన్ వాడకండి, ఆన్సిబుల్ హెచ్చరిస్తూనే ఉంటుంది, అండర్‌స్కోరు వాడండి.

మూడు గ్రూపుల్లో ఒకేసారి ఉండటంలో ఒక ప్రమాదం ఉంది. ఒకే వేరియబుల్‌ను (విలువకు పెట్టిన పేరును) శాఖ గ్రూపులోనూ పాత్ర గ్రూపులోనూ రాశారనుకోండి. తల్లి గ్రూపుకూ పిల్ల గ్రూపుకూ మధ్య అయితే పిల్లదే పైచేయి; కానీ ఈ రెండూ ఒకే ఎత్తులో ఉన్న గ్రూపులు కాబట్టి, ఆన్సిబుల్ వాటిని ఇంగ్లీషు అక్షర క్రమంలో ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోతుంది, చివర వచ్చినది నిలుస్తుంది. అంటే 'స్విచెస్' అనే పాత్ర గ్రూపు విలువ 'ఏ'తో మొదలయ్యే అనకాపల్లి విలువను చెరిపేస్తుంది, 'వై'తో మొదలయ్యే ఎలమంచిలి విలువ మాత్రం దాన్నే చెరిపేస్తుంది. ఒకే తప్పు రెండు ఊళ్ళలో రెండు రకాలుగా కనబడితే దాన్ని పట్టుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో ఊహించండి. గ్రూపులకు ప్రాధాన్య సంఖ్య ఇచ్చే సదుపాయం ఉంది గాని, అది ఇన్వెంటరీలోనే ఇవ్వాలి, గ్రూప్ వార్స్ ఫైలులో రాస్తే పనిచేయదు. నన్నడిగితే దాని జోలికే వెళ్ళవద్దు. ఒక వేరియబుల్‌కు ఒకే వరుస యజమాని: శాఖ గ్రూపులు ఇచ్చేదాన్ని పాత్ర గ్రూపు ఇవ్వకూడదు. ఈ కట్టుబాటును ఒక చిన్న కాగితం మీద రాసి ఫోల్డరులోనే పెట్టండి.

విలువల పైచేయి గురించి ఆన్సిబుల్ పత్రాల్లో 22 మెట్ల జాబితా ఉంటుంది. అది చదివి భయపడనక్కరలేదు, గర్వపడనూ అక్కరలేదు. మీకు కావలసినవి ఆల్ గ్రూపు (అన్ని పరికరాలూ ఉండేది), ఈ మూడు వరుసల గ్రూపులు, హోస్టు, అంతవరకే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడాలి: రోల్ (ఒక పనికి కావలసిన ఆదేశాల మూట) ఫోల్డరులోని వార్స్‌లో పెట్టిన విలువ మీ హోస్టు ఫైలు కంటే బలమైనది. అక్కడ ఎవరో ఒక విలువ రాసి మరచిపోతే, మీరు హోస్టు ఫైలులో ఎన్నిసార్లు మార్చినా స్విచ్ మీద ఏమీ మారదు. రోల్‌లో ఏదైనా పెట్టవలసి వస్తే అన్నిటికంటే బలహీనమైన డిఫాల్ట్స్ ఫోల్డరులోనే పెట్టండి.

ఇక చిరునామాల సంగతి. శాఖ సంఖ్య 14 అయితే బిల్లింగ్ వీలాన్ 30 సబ్‌నెట్ 10.14.30.0/24 అన్న పద్ధతి మీ దగ్గర ఉందనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఇన్ని శాఖలున్నవారు ఎవరైనా ఏదో ఒక పద్ధతి పెట్టుకోక తప్పదు. వీలాన్ సంఖ్య 4094 దాకా పోవచ్చు గాని చిరునామాలో ఒక్కో సంఖ్య 255 దాటదు, కనుక మీ వీలాన్లు చిన్న సంఖ్యలుగా ఉన్నంతవరకే ఈ సుఖం. పద్ధతి ఉన్నప్పుడు ఫలితాన్ని 34 చోట్ల రాయకండి, పద్ధతినే ఒక్కచోట రాయండి. ఆల్ గ్రూపు ఫైలులో బిల్లింగ్ సబ్‌నెట్ విలువగా, శాఖ సంఖ్య రావలసిన చోట జంట మీసాల బ్రాకెట్లలో ఆ వేరియబుల్ పేరు ఉంచి రాస్తే సరిపోతుంది. ఆన్సిబుల్ ఆ విలువను వాడే క్షణంలోనే లెక్కకడుతుంది గనుక, ఒక్కో పరికరానికి దాని శాఖ సంఖ్యే అందులో పడుతుంది. మాస్కు, వైల్డ్‌కార్డు, గేట్‌వే కూడా విడిగా రాయనక్కరలేదు. ఐపీఅడ్రస్ ఫిల్టరు (టెంప్లేటులో చిరునామాలను లెక్కకట్టే పనిముట్టు) ఆ /24 నుంచే ఇంటర్‌ఫేసుకు కావలసిన 255.255.255.0, యాక్సెస్ లిస్టుకు కావలసిన 0.0.0.255 రెండూ తీసి ఇస్తుంది. మూడు చోట్ల మూడు రూపాల్లో రాసిన ఒకే సంగతి ఎప్పుడో ఒకప్పుడు తమలో తాము పోట్లాడుకుంటుంది.

పద్ధతి తప్పిన శాఖలు ఒకటి రెండైనా ఉంటాయి. భీమిలి శాఖను ఎవరి దగ్గరి నుంచో కొన్నారు, అక్కడ పాతవాళ్ళ 192.168 చిరునామాలే ఇంకా నడుస్తున్నాయి అనుకుందాం. అప్పుడు చాలామంది టెంప్లేటులోకి వెళ్ళి 'శాఖ భీమిలి అయితే ఇలా, కాకపోతే అలా' అని రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. టెంప్లేటుకు ఊళ్ళ పేర్లు తెలియకూడదు. భీమిలి గ్రూపు ఫైలులో అదే బిల్లింగ్ సబ్‌నెట్ వేరియబుల్‌కు నేరుగా పాత చిరునామా రాయండి. పిల్ల గ్రూపు విలువ ఆల్ గ్రూపు సూత్రాన్ని పక్కకు నెడుతుంది, టెంప్లేటుకు తేడా తెలియదు. పక్కనే ఎందుకిలా ఉందో, ఎప్పటిదాకా ఉంటుందో ఒక వ్యాఖ్య రాయండి. మినహాయింపులన్నీ డేటాలో కళ్ళకు కనబడుతూ ఉంటే, ఏడాదికోసారి వాటిని లెక్కపెట్టి తగ్గించుకోవచ్చు. ఒక్క మేనేజ్‌మెంట్ చిరునామాను మాత్రం సూత్రంతో పుట్టించవద్దని నా సలహా. లెక్కలన్నీ తప్పిన రోజున మీరు చేయి చాచేది దానికోసమే, కనుక అది అంకెల్లో, పరికరం ఫైలులో, కంటికి కనబడేలా ఉండాలి.

పై ఫైలులో 'అదనపు వీలాన్లు' అని ఎందుకు రాశానో చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో గ్రూపు ఫైలులో వీలాన్ల జాబితా ఉండేది: 10, 20, 30, 99. భీమిలి వైపు ఒక శాఖలో కెమెరాల కోసం వీలాన్ 60 కావలసి వచ్చింది. ఆ స్విచ్ ఫైలులో అదే పేరుతో జాబితా పెట్టి, అందులో 60 ఒక్కటే రాశాను, గ్రూపు జాబితాకు ఇది కలుస్తుందన్న నమ్మకంతో. అది కలవదు. ఆన్సిబుల్‌లో పై మెట్టు జాబితా వస్తే కింది జాబితా పూర్తిగా పోతుంది. డిక్షనరీల (పేరు, విలువ జంటల) విషయంలోనూ మామూలుగా జరిగేది అదే, ఒక్క గడి మార్చుదామని రాసిన డిక్షనరీ మిగతా గడులన్నిటినీ తుడిచేస్తుంది. టెంప్లేటు నమ్మకంగా 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 60' అనే పంక్తిని తయారుచేసింది. సిస్కో స్విచ్‌లో 'యాడ్' అన్న మాట లేకుండా ఆ ఆదేశం ఇస్తే అది కూడా ఉన్నదానికి కలపదు, ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెడుతుంది. అంటే ఒకే తప్పు రెండు అంతస్తుల్లో జరిగింది. ట్రంకు (చాలా వీలాన్లను మోసే లింకు) మీద వీలాన్ 60 తప్ప ఏమీ మిగలలేదు, మేనేజ్‌మెంట్ వీలాన్ 99 కూడా పోయింది, నా తెర మీద కర్సరు కదలకుండా నిలిచిపోయింది. సోమవారం ఉదయం కన్సోల్ కేబులు సంచీలో వేసుకుని బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళాను. రుషికొండ దగ్గర సముద్రం ఎంత అందంగా ఉందో ఆ రోజు చూడలేదు. శాఖ గుమ్మంలో వాచ్‌మన్ "ఏటి సార్, మీరే పీకేసారంట కదా" అని పలకరించాడు.

ఆన్సిబుల్‌లో డిక్షనరీలు కలిసిపోయేలా చేసే సెట్టింగు ఒకటుంది. దాన్ని ఆన్ చేస్తే ప్రతి ఫైలు అర్థమూ మారిపోతుంది, జాబితాలు మాత్రం అప్పటికీ కలవవు. దాన్ని తయారుచేసినవారే వాడవద్దంటారు. అంతకంటే, రెండు సంగతులకు రెండు పేర్లు పెట్టండి. శాఖ ఫైలులో 'శాఖ వీలాన్లు', పరికరం ఫైలులో 'అదనపు వీలాన్లు', టెంప్లేటులో ఆ రెంటి కలయిక. కలపడం మీరు రాసిన చోట, మీకు కనబడేలా జరుగుతుంది. దీనితోపాటు, దూరపు శాఖ ట్రంకుల జోలికి వెళ్ళే రోజున వెనక్కి వచ్చే దారి ఉంచుకోండి: జూనిపర్‌లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఇస్తే, పది నిమిషాల్లో మీరు ధ్రువీకరించని పక్షంలో పాత కాన్ఫిగరేషన్ తనంతట తానే తిరిగి వస్తుంది, సిస్కో ఐఓఎస్‌లో ముందుగా 'రీలోడ్ ఇన్' ఇచ్చి, పని సరిగా జరిగిందని చూసుకునేదాకా సేవ్ చేయకుండా ఉండటం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పరువు నిలబెడుతుంది.

ఎక్సెల్ గురించి అడిగారు. దాన్ని నేను తిట్టను, ఎందుకంటే పోర్టుల వివరాలు నింపవలసింది శాఖల్లో ఉన్నవారు, వారికి యామల్ ఫైలు (ఆన్సిబుల్ విలువలు చదివే రూపం) ఇచ్చి నింపమంటే జరిగే పని కాదు. కానీ అది సమాచారం లోపలికి వచ్చే గుమ్మంగా ఉండవచ్చు గాని ఇల్లుగా ఉండకూడదు. పోర్టు 1/2 అని ఒక గడిలో కొట్టి చూడండి, మన దేశపు సెట్టింగుల్లో అది ఫిబ్రవరి 1 అయి కూర్చుంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నది షీటులో మిగలదు, గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్రను దాచే సాధనంలో) మిగులుతుంది. షీటు నుంచి ఫైళ్ళు పుట్టించే చిన్న స్క్రిప్టు రాసుకోండి, కానీ ఆ తరువాత ఆ షీటును మూసేయండి. షీటులోనూ ఫైలులోనూ రెండు చోట్లా మార్పులు సాగితే ఏది నిజమో మూడో నెలకు మీకే తెలియదు.

షీటు నుంచి వచ్చే మరొక అలవాటు ముందు సున్నాలు. శాఖ సంఖ్యను మూడంకెల్లో అందంగా 014 అని రాస్తారు. ఆన్సిబుల్ వాడే యామల్ రీడరు, ముందు సున్నా ఉన్న సంఖ్యను ఎనిమిది ఆధారంగా చదువుతుంది. కొటేషన్లు లేకుండా రాసిన 014 దానికి 12. పెందుర్తి పరికరాలకు పన్నెండో శాఖ చిరునామాలు వెళతాయి. ఇంకా తమాషా ఏమిటంటే, ఎనిమిది ఆధారంలో 8, 9 అంకెలు లేవు కాబట్టి 008, 009, 018 వంటివి సంఖ్యలుగా మారకుండా అక్షరాలుగానే మిగిలిపోతాయి. 001 నుంచి 007 దాకా ఉన్నవి మారినా విలువ అదే. తప్పు కొన్ని శాఖల్లోనే కనబడుతుంది, అందుకే నెట్‌వర్కు తప్పేమో అని వెతుకుతాం. అలాగే యెస్, నో, ఆన్, ఆఫ్ అనే నాలుగు మాటలు కొటేషన్లు లేకపోతే మాటలుగా మిగలవు. పోర్టు పవర్ 'ఆఫ్' అని రాస్తే స్విచ్‌కు వెళ్ళే పంక్తిలో 'ఫాల్స్' అని పడుతుంది. సంఖ్యగా లెక్కకట్టవలసినది తప్ప మిగతా విలువలన్నిటికీ కొటేషన్లు పెట్టడం అలవాటు చేసుకోండి.

నెట్‌బాక్స్‌కు మారమని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. డిజిటల్‌ఓషన్ ఇంజినీర్లు తమ అవసరానికి రాసుకుని 2016లో అందరికీ విడుదల చేసిన సాధనమది; పరికరాలు, కేబుళ్ళు, చిరునామాలు అన్నీ డేటాబేసులో ఉంటాయి, ఆన్సిబుల్ ఇన్వెంటరీని నేరుగా దాని నుంచి తీసుకోవచ్చు. మంచి సాధనమే. అయితే అందులోని కాన్ఫిగ్ కాంటెక్స్టులు కూడా ప్రాంతం, సైటు, పాత్ర, ప్లాట్‌ఫారం అంటూ ఇవే మెట్ల మీద నిలబడతాయి, బరువు సంఖ్య ఎక్కువ ఉన్నది గెలుస్తుంది. ఏది ఎవరిదో తేలని సమాచారాన్ని అందులోకి తరలిస్తే అదే చిక్కు డేటాబేసులో ఉంటుంది. మీరు ఒక్కరే చూసుకుంటున్నంతకాలం ఫైళ్ళు చాలు. చిరునామాల కోసం, సీరియల్ నంబర్ల కోసం ఇతర విభాగాలవారు రోజూ మిమ్మల్ని అడగడం మొదలయ్యాక దాని గురించి ఆలోచించండి.

రహస్యపదాల గురించి మీరు ఏమీ రాయలేదు, అదే నాకు అనుమానం. ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ, ఎనేబుల్ సీక్రెట్, లైను కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు ఆ 102 ఫైళ్ళలో బయటికి కనబడేలా ఉంటే, వాటిని వాల్ట్‌తో తాళం వేసిన ఫైలులోకి తెండి. ఒక గ్రూపు పేరుతో ఫైలుకు బదులు ఫోల్డరు పెడితే అందులోని ఫైళ్ళన్నిటినీ ఆన్సిబుల్ చదువుతుంది; ఒకటి తెరిచిన ఫైలు, ఒకటి తాళం వేసినది. తాళం ఫైలులోని పేర్లన్నీ 'వాల్ట్' అనే మాటతో మొదలుపెట్టి, తెరిచిన ఫైలులో మామూలు పేరు నుంచి దానికి దారి చూపండి, అప్పుడు ఏ వేరియబుల్ ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. ఒకసారి గిట్‌లోకి వెళ్ళిన పాస్‌వర్డు తరువాత తీసేసినా చరిత్రలో ఉంటుంది, కాబట్టి వాటిని పరికరాల్లో కూడా మార్చవలసిందే.

ఇప్పుడు అసలు తరలింపు. దీనిలో మీరు పాటించవలసిన నియమం ఒక్కటే: డేటా చోటు మారుతున్నంతసేపూ కాన్ఫిగరేషన్‌లో ఒక్క అక్షరం మారకూడదు. ఈ రోజు ఉన్న ఫైళ్ళతో, ఏ పరికరానికీ పంపకుండా, 102 కాన్ఫిగరేషన్లనూ టెంప్లేటు నుంచి తయారుచేసి ఒక ఫోల్డరులో దాచండి. తరువాత ఒకే ఒక్క వేరియబుల్‌ను, మొదటగా ఎన్‌టీపీనే, ఆల్ గ్రూపు ఫైలులోకి తెచ్చి, 102 ఫైళ్ళ నుంచీ తీసేయండి. మళ్ళీ 102 తయారుచేసి పాత ఫోల్డరుతో పోల్చండి. తేడా ఏమీ లేకపోతే గిట్‌లో కమిట్ చేసి (మార్పును నమోదు చేసి) రెండో వేరియబుల్‌కు వెళ్ళండి. తేడా వస్తే సంతోషించండి, ఎందుకంటే అది మీరు ఇప్పుడు చేసిన తప్పైనా కావచ్చు, లేదా ఇంతకాలం ఆ ఆరు ఫైళ్ళలాగా ఎక్కడో దాగి ఉన్న పాత విలువైనా కావచ్చు. రెండోదైతే దాన్ని అప్పటికప్పుడు సరిదిద్దకండి. ముందు ఆ పరికరం ఫైలులో మినహాయింపుగా అలాగే ఉంచి, తరలింపు ముగిసిన తరువాత విడిగా, పగటిపూట, ఒక్కొక్కటిగా సరిచేయండి. చోటు మార్చడం, విలువ మార్చడం ఒకే కమిట్‌లో కలిస్తే, రాత్రి ఏదైనా పడిపోయినప్పుడు దేన్ని అనుమానించాలో తెలియదు.

ఒక పరికరానికి చివరికి ఏ విలువలు చేరుతున్నాయో చూడాలంటే ఆన్సిబుల్ ఇన్వెంటరీ ఆదేశానికి హోస్ట్ ఆప్షనూ పరికరం పేరూ ఇస్తే అన్ని మెట్లూ కలిపిన చిత్రం చూపిస్తుంది. గ్రాఫ్ ఆప్షన్ ఇస్తే గ్రూపుల చెట్టు కనబడుతుంది. వారానికోసారైనా దాన్ని చూస్తూ ఉండండి. పరికరాలకు పంపేటప్పుడు చెక్, డిఫ్ ఆప్షన్లతో ముందు చూసి, లిమిట్ ఆప్షన్‌తో ఒక చిన్న శాఖకే పంపి, అప్పుడు మిగతావాటికి వెళ్ళండి.

టెంప్లేటుల్లో డిఫాల్ట్ ఫిల్టరును ఎక్కడెక్కడ వాడారో కూడా ఒకసారి వెతకండి. వీలాన్ రాయకపోతే 1 తీసుకో అని ఉంటే, రాయడం మరచిపోయిన ప్రతి పోర్టూ నిశ్శబ్దంగా వీలాన్ 1లోకి వెళుతుంది, ఎవరికీ ఏ సందేశమూ రాదు. విలువ లేకపోతే ఆన్సిబుల్ మామూలుగా తప్పు చూపి ఆగిపోతుంది, అది మీకు చేస్తున్న ఉపకారం. దాని నోరు మూయకండి. పని మొదలయ్యే చోట అసర్ట్‌తో (షరతు తప్పితే పని ఆపేసే పరీక్షతో), శాఖ సంఖ్య 1 నుంచి 254 మధ్య ఉన్న సంఖ్యేనా, రెండు పరికరాలకు ఒకే మేనేజ్‌మెంట్ చిరునామా పడిందా అని అడిగించండి. పై 014 చిక్కును ఈ పరీక్ష పట్టదు, 12 కూడా సరైన సంఖ్యే కదా. ఆ పనికి శాఖ సంఖ్యలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయేమో చూసే మరొక పరీక్ష కావాలి, అన్ని శాఖలనూ ముందు సున్నాలతోనే రాసి ఉంటే అదీ పట్టకపోవచ్చు.

ఇక పేర్ల సంగతి. హోస్ట్ వార్స్ ఫైలును ఆన్సిబుల్ వెతికేది ఇన్వెంటరీలోని పరికరం పేరుతోనే, కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు. ఫైలు ఎవరిదని మళ్ళీ అడుగుదాం. బీచ్ రోడ్డు పక్క శాఖల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపట్టి స్విచ్‌లు మిగతాచోట్ల కంటే త్వరగా పోతాయి, మీకు తెలిసే ఉంటుంది. స్విచ్ పోయి కొత్తది వస్తే మారేది పెట్టె; అప్‌లింకు పోర్టు, మేనేజ్‌మెంట్ చిరునామా, ఏడో పోర్టులోని బిల్లింగ్ కౌంటరు అలాగే ఉంటాయి. ఉద్యోగి బదిలీ అయినా కుర్చీ అక్కడే ఉన్నట్టు. మీ ఫైలు ఆ కుర్చీది. సీరియల్ నంబరుతో పేరు పెడితే, పెట్టె మారిన ప్రతిసారీ ఏమీ మారని ఫైలుకు పేరు మార్చాలి, గిట్‌లో దాని చరిత్ర తెగిపోయినట్టు కనబడుతుంది. కనుక ఊరు, పాత్ర, వరుస సంఖ్య కలిపి పేరు పెట్టండి, చిరునామాను ఆన్సిబుల్ హోస్ట్ అనే వేరియబుల్‌కు ఇవ్వండి, సీరియల్ నంబరు కావాలంటే ఫైలు లోపల ఒక పంక్తిగా ఉంచండి. ఇప్పటికే వేరే పేర్లు ఉండి మార్చదలచుకుంటే, పైన చెప్పిన తరలింపు పూర్తయి, ఒక నెల ప్రశాంతంగా గడిచిన తరువాతే ఆ పని పెట్టుకోండి. పేరు మారితే కాన్ఫిగరేషన్‌లోని హోస్ట్‌నేమ్ పంక్తి కూడా మారుతుంది, అప్పుడు పోలికలో 102 తేడాలూ వస్తాయి, అసలు తప్పు వాటి మధ్య దాక్కుంటుంది.